పలుగురాయిలో బంగారం - లెక్క ఎవరి చేతిలో?

(అరసవల్లిలో విద్యార్థులు, ఉద్యోగుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



సూర్యదేవుడి గుడి ఉన్న ఊళ్లో బంగారం గురించి మాట్లాడమన్నారు. మొదటే ఒక మాట చెప్పేస్తాను. మన జిల్లాలో బంగారు గని లేదు. మన తూర్పు కనుమల రాళ్లు వేరు, ఖొండలైటు, చార్నొకైటు. టెక్కలి గ్రానైటు, గరివిడి, గర్భాం వైపు మాంగనీసు, తీరం వెంబడి ఖనిజాలున్న ఇసుక, ఇవీ మనకున్నవి. మరి బంగారం ఊసెందుకు? 'మన వనరులు మనకే' అని గోడల మీద రాసినవాళ్లం మనం. ఆ వనరు ఎంతుంది, ఎంత లోతున ఉంది, ఆ లెక్క ఎవరి బీరువాలో ఉంది అని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం? ఆ లెక్క ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి బంగారం కన్నా మంచి పాఠం లేదు.

పొలంలో నాగలికి తగిలే తెల్లటి పలుగురాయి మీ అందరికీ తెలుసు. రాయలసీమలో, కోలారులో బంగారం దొరికింది ఆ జాతి రాతిలోనే. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందటి సంగతి. పాత లావాలు, మట్టి పొరలు నలిగి పలకరాళ్లుగా మారాయి. భూమి లోతుల్లోంచి వేడినీరు పైకి తన్నుకొచ్చింది. అందులో సిలికా కరిగి ఉంది, గంధకం ఉంది, ఆ గంధకాన్ని పట్టుకుని బంగారం ఉంది. రాయి నలిగి చీలిన చోటే ఆ నీటికి దారి. ఒత్తిడి తగ్గగానే సిలికా గడ్డకట్టి పలుగురాయి సిర అయింది. చుట్టుపక్కల రాతిలోని ఇనుము గంధకాన్ని లాగేసుకుంటే, పట్టు తప్పిన బంగారం అక్కడే ఉండిపోయింది. అందుకే బంగారం ఉన్న సిరలో పైరైటు కూడా కనబడుతుంది. తళతళ మెరిసేది చాలాసార్లు అదే. అసలు బంగారం కంటికి ఆనదు.

ఈ సిర గోడలా తిన్నగా ఉండదు. ఒకచోట మూరెడు, ఇంకోచోట బెత్తెడు, మరికాస్త దూరం పోతే మాయం. అందులో బంగారం చల్లినట్టు సమానంగా ఉండదు, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ఒక చుక్క ఉన్న ముక్కను పరీక్షకు పంపితే టన్నుకు వంద గ్రాములని రావచ్చు, దాని పక్క ముక్కలో సున్నా రావచ్చు. 'ఫలానా కొండలో బంగారు నిధులు' అని పత్రికల్లో పతాక శీర్షిక చూస్తే నేను మొదట అడిగేది ఒకటే: ఎన్ని నమూనాలు?

పద్ధతిగా చేసేవాళ్లు ఏం చేస్తారో వినండి. ముందు పాతవాళ్లు తవ్విన గుంటలు వెతుకుతారు. కర్నూలు జిల్లా జొన్నగిరిలో, రాయచూరు జిల్లా హట్టిలో ఆధునిక అన్వేషణకు దారి చూపినవి అవే. హట్టిలో రెండు వేల ఏళ్ల కిందటే రాతిని మంటపెట్టి కాల్చి, పగలగొట్టి చాలా లోతుకు దిగారు. వాళ్లకు డిగ్రీలు లేవు, కానీ సిర ఎటు వంగిందో తెలుసు! ఆ తర్వాత మట్టి నమూనాలు. ఆపైన సిరకు అడ్డంగా కందకం తవ్వి, దాని గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు గాడి చెక్కి, కొలత ప్రకారం రాతిపొడి తీస్తారు. మంచి ముక్కలు ఏరుకోవడానికి వీల్లేదు. అప్పుడు వజ్రపు అంచున్న గొట్టంతో వాలుగా డ్రిల్లింగు. బయటికొచ్చిన రాతి కడ్డీని నిలువునా రెండుగా కోస్తారు. సగం ప్రయోగశాలకు, సగం పెట్టెలో భద్రంగా ఉంచుతారు. ఎవరైనా అనుమానపడితే ఆ సగమే సాక్ష్యం. ప్రయోగశాలలో రాతిపొడిని సీసంతో కలిపి కరిగిస్తారు. బంగారం సీసంలోకి దిగుతుంది. తర్వాత సీసాన్ని కాల్చి వేరుచేస్తే చివరికి ఆవగింజంత పూస మిగులుతుంది. మన కంసాలికి ఈ పని కొత్తేమీ కాదు, త్రాసు మాత్రమే సున్నితమైంది.

ఇంకో కిటుకుంది. డ్రిల్లు సిరను ఏటవాలుగా కోస్తే రెండు మీటర్ల సిర నాలుగు మీటర్లుగా కనబడుతుంది. షేర్లు అమ్ముకునేవాడు ఆ నాలుగే చెబుతాడు. నికర మందం ఎంత అని అడగాలి.

ఇక తూకం. టన్నుకు ఐదు గ్రాములంటే, రెండు టన్నుల రాయి కొట్టి పిండి చేస్తే తులం బంగారం. ఇది మంచి గని కింద లెక్క. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గరి చిగురుగుంట - బిసానత్తం గనిలో 18.3 లక్షల టన్నుల ముడిరాయి, టన్నుకు సగటున 5.15 గ్రాములు ఉన్నాయని అంచనా. హెచ్చవేస్తే తొమ్మిదిన్నర టన్నుల లోపు. మన దేశం ఏటా ఏడెనిమిది వందల టన్నుల బంగారం దిగుమతి చేసుకుంటోంది. అంటే ఆ గని మొత్తం దేశానికి ఐదు రోజుల సరుకు! తక్కువని కొట్టిపారెయ్యడానికి చెప్పడం లేదు. కుప్పం పల్లెలకు అది పెద్ద మొత్తమే. కానీ ఎంత పెద్దదో తెలియాలి కదా.

ఇప్పుడు సరిహద్దు సంగతి. కోలారు పలకరాళ్ల పట్టీ సుమారు 80 కిలోమీటర్లు. కర్ణాటకలో నడిచి, మన కుప్పం వైపు దిగి, తమిళనాడు దాకా పోతుంది. రాయికి రాష్ట్రం లేదు, లీజుకు ఉంది. నిజాం సర్కారు 1947లో పెట్టిన హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ, 1956లో గీత మారగానే అవతలి రాష్ట్రంలో హట్టి కంపెనీ అయింది. దేశంలో ఇప్పటికీ బంగారం తీస్తున్న ముఖ్యమైన గని అదే.

కోలారు కథ ఇంకా గట్టిది. శివనసముద్రం జలవిద్యుత్తు 1902లో గనికి చేరింది. బెంగళూరు వీధుల్లో దీపం వెలిగింది 1905లో. వెలుగు ముందు ఎవరి కోసమో చూడండి. నూట ఇరవై ఏళ్లలో దాదాపు 800 టన్నులు తీశారు, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి వలస వెళ్లిన కూలీలు ఆ సొరంగాల్లో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. రాతిలో బంగారం తగ్గింది, ఖర్చు పెరిగింది. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. అనంతపురం ప్రాంతపు రామగిరి, కుప్పం దగ్గరి చిగురుగుంట కూడా ఆ ప్రభుత్వ సంస్థవే, ఆ ఏడాదే మూతపడ్డాయి. కోలారులో మిగిలింది సైనైడుతో శుద్ధిచేసిన మట్టి గుట్టలు. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లలోకే.

తొందరగా గని వస్తుందని ఆశపెట్టేవాళ్లకు జొన్నగిరి చూపించండి. 1990ల నుంచి అన్వేషణ, 2013లో లీజు. 2023లో కూడా ప్లాంటు కడుతూనే ఉన్నారు. అప్పుడు పుట్టిన పిల్లలు డిగ్రీలు పూర్తిచేసి వలస వెళ్లిపోయారు.

మన సంగతికొద్దాం. దేశంలో మాంగనీసు తవ్వకం 1890లలో మొదలైంది విజయనగరం ప్రాంతంలోనే, కోడూరులో. ఫెర్మర్ అనే దొర అక్కడి రాతికి 'కొడురైట్' అని పేరు పెట్టాడు. రాతికి మన ఊరి పేరు దక్కింది, సంతోషమే. ఊరికి ఏం దక్కింది?

ఈ ప్రశ్నకు చట్టంలో కొన్ని దారులున్నాయి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గని లీజు చెల్లదంది. ఆ కేసు మన పక్క అనంతగిరి మండలం నుంచే వెళ్లింది. 2015 సవరణతో లీజులకు వేలం వచ్చింది, జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత లీజుదారు రాయల్టీలో 30 శాతం, వేలంలో పొందినవాడు 10 శాతం ఆ నిధికి కట్టాలి. 2024 జులైలో సుప్రీంకోర్టు, రాయల్టీ పన్ను కాదని, ఖనిజ భూముల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకుందని చెప్పింది. అంటే ఏ రాష్ట్రంలో ఉన్నామన్నదానికి ఇప్పుడు లెక్కల్లో విలువ పెరిగింది.

భూవిజ్ఞానం చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని అప్పగిస్తున్నాను. జియలాజికల్ సర్వే నివేదికలు చాలావరకు ఇప్పుడు 2023లో తెరిచిన జాతీయ పోర్టల్‌లో ఉన్నాయి. గర్భాం, కోడూరు, టెక్కలి పేర్లతో వెతకండి. ఎన్ని బోర్లు వేశారు, ఏ దశ అన్వేషణ, ఎన్ని టన్నులు, ఎంత శాతం అన్నవి ఒక పుస్తకంలో రాయండి. కలెక్టరేట్లో పనిచేసే ఉద్యోగ మిత్రులు జిల్లా ఖనిజ నిధి ఏ ఊళ్లో, దేనికి ఖర్చయిందో సమాచార హక్కు దరఖాస్తు ఎలా పెట్టాలో వాళ్లకు చూపించండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మళ్లీ ఇక్కడే కూర్చుందాం.