గేరు ఎవరు మార్చవలెను?

వేగమునకై నిర్మింపబడిన కారును కొనదలచినవారి ముందు నేడొక ప్రశ్న నిలుచుచున్నది. గేరు మార్చు పనిని తమ చేతిలో ఉంచుకొనవలెనా, యంత్రమునకు అప్పగింపవలెనా? ఆటోమేటిక్ గేరు గల స్పోర్ట్సు కారు కొన్నవారిని జూచి "ఇదేమి సారథ్యము!" అని నవ్వువారు నేటికిని కలరు. ఆ నవ్వు ఎంతవరకు న్యాయమో విచారింతము.

అమెరికాలో జనరల్ మోటార్సువారు 1953లో షెవ్రొలే కార్వెట్ అను కారును వెలువరించిరి. ఆ యేడు నిర్మించినవి 300 మాత్రమే. అన్నిటికిని రెండు గేర్ల ఆటోమేటిక్ యంత్రమే అమర్చిరి. కారు చూపునకు చక్కనిదే కాని, స్పోర్ట్సు కార్ల ప్రియులు దానిని తమ పంక్తిలో కూర్చుండనీయలేదు. 1955లో వీ-8 ఇంజనును, మూడు గేర్ల చేతి గేరును వచ్చిన పిదపనే దానికి పరువు దక్కసాగెను.

నాటి ఆక్షేపణ సకారణమైనదే. ఆనాటి ఆటోమేటిక్‌లో ఇంజనునకును చక్రములకును నడుమ నూనెయే మధ్యవర్తి. ఇంజను త్రిప్పగా సుడి తిరిగిన నూనె ఎదుటి రెక్కలను త్రిప్పవలెను. ఆ జారుడులో కొంత బలము వేడిగా మారి వ్యర్థమగును. కనుక నేర్పరి చేతిలోని గేరు దానిని సులభముగా మించెడిది.

తరువాత లెక్క మారినది. 1989లో నైజెల్ మాన్సెల్ బ్రెజిల్ గ్రాండ్ ప్రీ పందెమును గెలిచిన ఫెరారీ కారులో, బయలుదేరునప్పుడు తప్ప క్లచ్చి తొక్కనక్కరలేదు. స్టీరింగు వెనుకనున్న మీటను వ్రేలితో లాగిన చాలును. పోర్షేవారు 1980ల దశాబ్దమున పందెపు కార్లలో పరీక్షించిన జంట క్లచ్చి విధానమును 2008లో తమ 911 కారునకు అమర్చిరి. ఇందు బేసి గేర్లకొక క్లచ్చి, సరి గేర్లకొక క్లచ్చి. బండి మూడవ గేరులో పోవుచుండగనే నాల్గవది సిద్ధమై కాచుకొనియుండును. ఒకటి విడుచుటయు, వేరొకటి పట్టుటయు దాదాపు ఒకేమారు జరుగును. మానవ హస్తము దీనితో పోటీపడజాలదు. 2020 నమూనాగా వచ్చిన కార్వెట్‌లో చేతి గేరు లేనేలేదు. నాడు దేనికై నవ్విరో, నేడు అదియే దాని బలమైనది.

వాదము ఇంతటితో ముగిసినదా? లేదు. 2013లో పోర్షే 911 జీటీ3 జంట క్లచ్చితో మాత్రమే రాగా, వేగము పెరిగినను పలువురు అభిమానులు నొచ్చుకొనిరి. 2016లో చేతి గేరుతోనే వెలువడిన 911 ఆర్ కార్లు 991యు త్వరలోనే అమ్ముడుపోయెను. 2017లో జీటీ3కిని చేతి గేరు తిరిగి వచ్చెను. గడియారము ముందు ఓడినదానిని మనుష్యుడు మరల కోరుకొనెను. ఇది మూర్ఖత్వమని మేమనము. గ్రామఫోను తప్పు పలుకదు. అంతమాత్రమున వీణ నేర్చినవారు వీణను అటకెక్కించిరా?

కావున కొనువారు తమకు కావలసినది ఫలమా, పనియా అని మొదట తేల్చుకొనవలెను. పందెపు బాటపై క్షణములు లెక్కించువారికి ఆటోమేటిక్కే తగినది. పట్టణపు రద్దీలో అడుగడుగునను క్లచ్చి తొక్కలేనివారికి, ఎడమ మోకాలు సహకరింపనివారికి, ఒకే కారును ఇంటిల్లిపాది నడుపవలసినవారికి అదియే శ్రేయము. అందు సిగ్గుపడవలసినదేమియు లేదు. ఇంజను స్వరము విని, పాదమును చేతిని దానికి శ్రుతి చేయుటలోనే ఆనందము గలవారు మాత్రము చేతి గేరునే కొనవలెను. అదియు ఆలస్యము చేయక కొనవలెను. ఏలయన, కంపెనీలు మన పొగడ్తలను గాక, మన ఆర్డర్లను లెక్కించును. అందరును మెచ్చుకొని ఎవరును కొనని వస్తువు అంగడిలో నిలువదు.

రెండింటిని నడిపి చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు. నవ్వువారి మాటకై తొందరపడవలదు. కారు వాయిదాలు కట్టునది వారు కాదు గదా!