వరద తగ్గిన తరువాత

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వరద బాధితులకు ప్రభుత్వం నుంచి వచ్చే సాయం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని కోరారు. ఇది ఉపన్యాసాలు దంచవలసిన విషయం కాదు. ఇంటికి వెళ్ళిన తరువాత పనికివచ్చే నాలుగు సంగతులు చెప్పుకుంటే చాలు.

మనలో చాలామంది నల్లరేగడి నేలల వాళ్ళం. పత్తి, మిర్చి మన బ్రతుకుతెరువు. కొందరు కౌలుకు చేస్తారు, కొందరు గుంటూరు మిరపయార్డులో బస్తాలు మోస్తారు, కొందరు మిరప తొడిమలు తీసే కూలికి పోతారు. దూదేకుల సోదరులు తరతరాలుగా పత్తినే నమ్ముకుని ఉన్నారు. వరద అంటే కృష్ణ ఒడ్డువాళ్ళ బాధ, ఉప్పెన అంటే సముద్రం ఒడ్డువాళ్ళ బాధ అని మెట్ట ఊళ్ళవాళ్ళు అనుకోవడం కద్దు. అది నిజం కాదు. రేగడి నేల నీరు పట్టిందంటే ఒక పట్టాన వదలదు. మూడు రోజులు నీళ్ళు నిలిస్తే పత్తి వేరు కుళ్ళుతుంది, మిరప మొక్క తల వాలుస్తుంది. ఏరు రాకపోయినా వాన ఒక్కటే చాలు మనను ముంచడానికి.

గడచిన సంగతులు ఒక్కసారి గుర్తు చేసుకుందాం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ఊడ్చిపెట్టింది. అప్పటి గుంటూరు జిల్లాలోని రేపల్లె, బాపట్ల ప్రాంతాలు, ప్రకాశం తీరం కూడా దెబ్బతిన్నాయి. సుమారు 10,000 మంది చనిపోయారు. ఆ దెబ్బతో తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు. 1990 మే నెలలో మళ్ళీ అంతటి గాలి కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి లక్షలాది జనాన్ని ముందుగానే తరలించారు. పోయినవారి సంఖ్య 1,000 లోపు. ఒక్క ప్రాణమైనా తక్కువేమీ కాదు. అయినా ముందుజాగ్రత్త ఎంత పని చేస్తుందో ఆ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. ఓలేరు వద్ద కట్ట తెగింది, లంక ఊళ్ళు మునిగాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటి పైర్లను పడగొట్టింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు విజయవాడను ముంచింది. అదే సమయంలో బ్యారేజికి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. ఇవతల ఒడ్డున కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంకల్లో అరటి, కంద, పసుపు నీళ్ళపాలయ్యాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. వరద వచ్చేటప్పుడు పేరు అడగదు. షేకు ఇల్లా, చౌదరి ఇల్లా, మాదిగపల్లెనా అని చూడదు. కాని సాయం వచ్చేటప్పుడు మాత్రం పేరు అడుగుతుంది. పేరు జాబితాలో ఉంటే డబ్బు వస్తుంది, లేకపోతే రాదు. ఇంతకు మించిన రహస్యం ఇందులో లేదు. అందుచేత మా మాట ఒక్కటే: వరద తగ్గిన తరువాత మన సంఘం చేయవలసిన మొదటి పని, ఏ ఇల్లూ జాబితా నుంచి జారిపోకుండా చూడడం.

ఈ సాయం ఎవరి దయాధర్మమూ కాదు. 2005లో పార్లమెంటు విపత్తుల నిర్వహణ చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి రాష్ట్రానికి ఒక విపత్తు సహాయనిధి ఉన్నది. మన రాష్ట్రం వంటి వాటికి ఆ నిధిలో 100 రూపాయలకు 75 కేంద్రం, 25 రాష్ట్రం వేస్తాయి. నష్టపరిహారం, సహాయం ఇచ్చేటప్పుడు స్త్రీ పురుష భేదం గాని, కులం, మతం, వంశం అనే భేదం గాని చూపరాదని అదే చట్టంలోని 61వ సెక్షను చెబుతున్నది. ఈ ఒక్క సెక్షను మన పిల్లలకు కంఠతా రావాలి.

ఎంత ఇస్తారు అని అడుగుతారు. 2022 నుంచి 2026 వరకు కాలానికి కేంద్రం నిర్ణయించిన లెక్కలు చెబుతాము. ప్రాణం పోతే కుటుంబానికి 4 లక్షలు. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1 లక్షా 20 వేలు. గుడిసె పోతే 8,000. ఇల్లు కొట్టుకుపోయినా, రెండు రోజులకు పైగా నీట మునిగినా కుటుంబానికి బట్టలకు 2,500, వంటపాత్రలకు 2,500. పాడి గేదె పోతే 37,500. మేక, గొర్రె పోతే 4,000. చేతిపనివారికి పనిముట్లు పోతే 5,000, ముడిసరుకు పోతే మరో 5,000. పైరు మూడో వంతు గాని అంతకు మించి గాని పాడైతే హెక్టారుకు వర్షాధారానికి 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000. అది కూడా రెండు హెక్టార్లకే, అంటే ఐదెకరాలకే.

ఎకరా మిర్చికి లక్ష దాటి పెట్టుబడి పెట్టేవారికి ఇది ఏ మూలకు? అది న్యాయమైన ప్రశ్నే. అయితే ఈ లెక్కలపైన రాష్ట్ర ప్రభుత్వం తన వంతుగా పెంచి ఇవ్వవచ్చు. 2024లో అలాగే చేసింది. విజయవాడలో మునిగిన ఇళ్ళకు కింది అంతస్తు అయితే 25,000, పై అంతస్తు అయితే 10,000 ప్రకటించింది. చిన్న దుకాణాలకు 25,000 అన్నది. వరి, పత్తికి హెక్టారుకు 25,000 అన్నది. ఈ లెక్కలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. ఆయా విపత్తుకు వచ్చిన జీ.ఓ. ప్రతి ఒకటి తెప్పించి మస్జిదు గోడకు అంటించడం కష్టమైన పని కాదు.

మరి మనవాళ్ళు జాబితా నుంచి ఎక్కడెక్కడ జారిపోతున్నారు?

మొదటిది పేరు. ఆధార్‌లో షేక్ ముందు ఉంటుంది, రేషను కార్డులో వెనుక ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అసలు ఉండదు. ఒకచోట బీ అని, ఇంకోచోట బేగం అని, మరోచోట ఉత్త పేరే. 1984లో కరణాల, మునసబుల పదవులు రద్దు కాకముందు వాళ్ళకు మనిషిని చూస్తే తెలిసేది. ఈనాటి యంత్రానికి మనిషి తెలియదు, అక్షరం తెలుసు. డబ్బేమో ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే వెళుతుంది. ఆ ఖాతా ఏళ్ళ తరబడి వాడక మూసుకుపోయి ఉంటే, మంజూరైన డబ్బు కూడా వెనక్కి పోతుంది. ముఖ్యంగా ఒంటరి ఆడవాళ్ళకు ఈ ఇబ్బంది ఎక్కువ.

రెండవది కౌలు. పొలం పేరు ఒకరిది, చెమట ఇంకొకరిది. ఈ-పంటలో సాగుదారు పేరు నమోదు కాకపోతే పెట్టుబడి రాయితీ పట్టాదారు ఖాతాలో పడుతుంది. 2019లో వచ్చిన చట్టం ప్రకారం కౌలు రైతుకు 11 నెలల సాగు హక్కు పత్రం ఇస్తారు. భూమి హక్కుకు దానివల్ల ఏ భంగమూ రాదు. అయినా ఆసామి సంతకం పెట్టడానికి జంకుతాడు. ఒక్క రైతు వెళ్ళి అడిగితే కాని పని, ఊరి పెద్దలు నలుగురు కలిసి వెళ్ళి నచ్చచెబితే అవుతుంది. అది వానలు రాకముందే కావలెను.

మూడవది పైరు. నీళ్ళు తీసిన మరునాడు అధికారి వస్తే చేను పచ్చగానే కనబడుతుంది. ఎండ కాసిన తరువాత గాని మొక్క వడలదు. తొలి లెక్కలో నష్టం లేదని రాసుకున్నారని ఊరుకోరాదు. ఫోటో తీసుకుని రైతు సేవా కేంద్రంలో మళ్ళీ అర్జీ ఇవ్వాలి. జాబితా ప్రదర్శనకు పెట్టిన రోజుల్లోనే అభ్యంతరం చెప్పాలి.

నాల్గవది అద్దె ఇల్లు. ఇల్లు కూలిన డబ్బు ఇంటివారిది. బట్టలు, గిన్నెలు పోయిన డబ్బు అందులో కాపురమున్న కుటుంబానిది. ఈ తేడా తెలియక మన అద్దె కుటుంబాలు అడగకుండానే ఊరుకుంటున్నాయి. అమ్మైనా అడగందే పెట్టదన్నారు పెద్దలు.

ఐదవది చెప్పడానికి నోరు రాదు, అయినా చెప్పక తప్పదు. వరదలో కొట్టుకుపోయో, గోడ కూలో, కరెంటు తగిలో మనిషి పోయినప్పుడు జనాజా త్వరగా చేయాలన్నది మన ఆచారం. దానికి అడ్డు చెప్పడం మా ఉద్దేశం కాదు. కాని మరణకారణానికి అధికారి ధృవపత్రం లేనిదే 4 లక్షల పరిహారం రాదు. పోలీసులకు, వీఆర్వోకు కబురు లేకుండా ఖబరస్తానుకు తీసుకుపోతే, తరువాత ఆ తల్లి, ఆ పిల్లలు సంవత్సరాల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. ముందు కబురు పెట్టండి, పంచనామా జరగనివ్వండి, పోస్టుమార్టం త్వరగా ముగించమని పెద్దలు వెంట నిలబడి అడగండి. మన ఇమాం సాహెబులు, ముతవల్లీలు ఈ మాట ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఎన్నో అనాథ కుటుంబాలు నిలబడతాయి. అలాగే గేదె గాని మేకలు గాని చచ్చిపోతే పశువైద్యునికి చూపించకుండా పూడ్చిపెట్టవద్దు.

సరే, అన్నీ సక్రమంగా ఉన్నా పేరు రాలేదనుకోండి. ముందు గ్రామ, వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటి మాటకు విలువ లేదు, రసీదుకు ఉంది. అక్కడ కాకపోతే సోమవారం కలెక్టరు కార్యాలయంలో అర్జీలు తీసుకుంటారు. 2022 ఏప్రిలులో జిల్లాలు మారిన సంగతి మరవకండి. రేపల్లె, బాపట్ల, చీరాల వారికి ఇప్పుడు బాపట్ల జిల్లా. నరసరావుపేట, సత్తెనపల్లి, చిలకలూరిపేట వారికి పల్నాడు జిల్లా. పాత అలవాటున గుంటూరుకో ఒంగోలుకో బస్సెక్కితే ఒక రోజు కూలి పోతుంది.

అక్కడా కాకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. 1987 నాటి చట్టం 12వ సెక్షను ప్రకారం వరద బాధితులకు ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే వారి కార్యాలయం ఉంటుంది. ఫోను నంబరు 15100. ఈ సౌకర్యం ఉన్నదని తెలిసినవారు మనలో ఎంతమంది? చేతులెత్తమని అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టము.

ఇంకొక మాట. లేని నష్టం ఉందని రాయించడం మనకు తగదు. తప్పుడు క్లెయిముకు రెండు సంవత్సరాల దాకా జైలు అని విపత్తుల చట్టమే అంటున్నది. సాయం సొమ్ము దిగమింగినవారికీ అదే శిక్ష. చట్టం సంగతి అటుంచి, ఒక దొంగ పేరు చేరితే పది నిజమైన పేర్ల మీద అనుమానం పడుతుంది. అది హరామని వేరే చెప్పనక్కరలేదు.

జకాత్, సదఖా సొమ్ము మన దగ్గర ఉన్నది కదా, ప్రభుత్వం చుట్టూ తిరగడమెందుకు అని కొందరంటారు. ఆ సొమ్ము మొదటి వారం పొయ్యి వెలిగించడానికి, మందులకు. కూలిన ఇల్లు లేపడానికి, చచ్చిన గేదెను మళ్ళీ కొనడానికి అది చాలదు. ఆ పని చేయవలసినది మన పన్నులతో నడిచే ప్రభుత్వమే. సంఘం ప్రభుత్వానికి బదులు కాదు. ప్రభుత్వానికీ మన గడపకూ మధ్య దారి చూపేది.

కాబట్టి మా సూచన ఇది. వచ్చే వానాకాలంలోపు ప్రతి జమాత్‌లో ఒక దస్త్రం పెట్టండి. ఇంటికొక పేజీ. ఇంటివారెవరు, అద్దెవారెవరు, పొలం సొంతమా కౌలా, పశువులెన్ని, పనిముట్లేమిటి, పేరు అన్ని కాగితాల్లో ఒకటిగా ఉన్నదా, బ్యాంకు ఖాతా నడుస్తున్నదా అని రాసుకోండి. కాగితాల నకళ్ళు ప్లాస్టిక్ సంచిలో కట్టి ఎత్తున పెట్టమని ఆడవాళ్ళకు చెప్పండి. చదువుకున్న పిల్లలు ఇద్దరిని ఈ పనికి పెట్టండి. కాలేజీ చదువుకు ఇంతకంటె మంచి ఉపయోగం ఏముంది? ఆ దస్త్రంలో మన వీధిలోని ఇతర కులాల, మతాల పేదలనూ రాయండి. ఒకే నీటిలో మునిగినవాళ్ళం, ఒకే పడవ ఎక్కినవాళ్ళం, అర్జీ మాత్రం వేరుగా ఎందుకు?

వరదను ఆపడం మన చేతిలో లేదు. జాబితాలో పేరు ఉండేటట్లు చూడడం మన చేతిలో ఉన్నది. వచ్చే సంవత్సరం ఈ సంచికలో ఎన్ని జమాత్‌లలో దస్త్రాలు పూర్తయ్యాయో లెక్క ప్రకటించాలని కార్యదర్శిగారిని కోరుతున్నాము. ఇన్షా అల్లాహ్ ఆ లెక్క మనందరికీ తృప్తినిస్తుంది.