మలేరియా లేదని తేలితే అక్కడితో అయిపోయినట్టేనా?

(మహిళల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



జికా గురించి మాట్లాడతా అనగానే ఒక పెద్దమ్మ అడిగింది: "అది పట్నపోళ్ల రోగం కదా బిడ్డా, మనకెందుకు?" అడగాల్సిన మాటే. మన గూడేల్లో జికా ఉందని నేను చెప్పట్లేదు, ఎవర్నీ భయపెట్టడానికి రాలేదు. కానీ ఆ పేరే ఒక అడవి పేరు. 1947లో ఉగాండాలోని జికా అడవిలో ఒక కోతి రక్తంలో ఈ వైరస్ మొదట దొరికింది. మన దేశంలో 2018లో రాజస్థాన్‌లో, 2021లో కేరళలో, కాన్పూర్‌లో, 2024లో పూణెలో కేసులు వచ్చాయి. కేరళలో మొదట బయటపడింది 24 ఏళ్ల గర్భిణికి. పూణెలోని ఎన్ఐవీ శాస్త్రవేత్తలు 2022లో అచ్చువేసిన పరిశోధనలో తెలంగాణ నమూనాల్లో కూడా జికా కనపడింది. అంటే దూరంగా లేదు.

రోగం చూస్తే చిన్నది. సోకిన ఐదుగురిలో నలుగురికి ఏమీ తెలియదు. తెలిసినవాళ్లకు కొద్దిగా జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, ఎర్రటి కళ్లు, కీళ్ల నొప్పులు. వారంలో పోతుంది. మందు లేదు, టీకా లేదు. విశ్రాంతి, నీళ్లు, పారాసిటమాల్, అంతే. డెంగీ కాదని తేలేదాకా బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేసుకోవద్దు. ఎక్కువ ప్రమాదం కడుపుతో ఉన్న ఆడమనిషికి. వైరస్ బిడ్డ మెదడును దెబ్బతీయొచ్చు. జికా సోకిన తల్లులకు పుట్టిన బిడ్డల్లో నూటికి 5 నుంచి 15 మందికి ఇబ్బంది వస్తుందని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. మిగతా బిడ్డలు బాగానే పుడతారు. ఈ రెండో మాట కూడా గట్టిగా చెప్పాలి, లేకపోతే భయంతోనే సగం చచ్చిపోతాం.

ఇక అసలు సంగతి. మన దగ్గర జ్వరం వస్తే ఏం చేస్తారు? వేలు గుచ్చి మలేరియా కిట్ మీద చుక్క వేస్తారు. గీత రాకపోతే "మలేరియా లేదమ్మా" అని గోళీలిచ్చి పంపిస్తారు. మలేరియా పరీక్ష చేయాల్సిందే, అది మన ప్రాణాలు తీసిన జబ్బు. కానీ గర్భిణికి ఆ కిట్ మీద గీత రానప్పుడు పని అయిపోలేదు, అప్పుడే మొదలైంది. "దద్దుర్లు వచ్చాయా? కళ్లు ఎర్రబడ్డాయా? ఎక్కడికైనా పనికి పోయి వచ్చారా? మీ ఆయన ఏ ఊళ్లో పనిచేస్తున్నాడు?" ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి పైసా ఖర్చు కాదు. మొగుణ్ణి ఎందుకు అడగాలంటే, జికా దోమతోనే కాదు, కాపురంతో కూడా సోకుతుంది. మగవాళ్ల వీర్యంలో నెలల తరబడి ఉండొచ్చు. అందుకే జికా ఉన్న ఊరి నుంచి వచ్చిన మగాడు మూడు నెలలు నిరోధ్ వాడాలి. భార్య కడుపుతో ఉంటే కాన్పయ్యేదాకా వాడాలి. తమ్ముళ్లూ, నవ్వకండి, ఇది మీకే చెప్తున్నా.

అనుమానం ఉంటే రక్తం, మూత్రం రెండూ తీయాలి. రక్తంలో వైరస్ వారం వరకే దొరుకుతుంది, మూత్రంలో రెండు వారాల దాకా. ఆర్‌టీపీసీఆర్ పరీక్ష, నమూనాను చల్లగా ఉంచి పెద్ద ల్యాబ్‌కు పంపాలి. వాగు పొంగి నాలుగు రోజులు దారి మూసుకుపోతే ఆ వారం పోయినట్టే. రోడ్డు కావాలని మనం అడిగేది ఊరికే కాదు. యాంటీబాడీ పరీక్షను మాత్రం పూర్తిగా నమ్మలేం, ఒకప్పుడు డెంగీ వచ్చినా అది జికా అని చూపించొచ్చు.

పాజిటివ్ వస్తే నెలకోసారి స్కానింగ్ కావాలి. ఐదో నెల స్కానింగ్‌లో తల బాగుందంటే సరిపోదు, తేడా ఏడో నెల దాటాక కనపడొచ్చు. పుట్టాక తల కొలత, కళ్లు, చెవులు చూడాలి. పుట్టినప్పుడు మామూలుగా ఉన్న బిడ్డను కూడా తర్వాత చూస్తూనే ఉండాలి. బిడ్డను ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ తల్లి ఇష్టం. డాక్టరు వివరాలు చెప్పాలి, అత్తగారో ఊరి పెద్దో తీర్పు చెప్పకూడదు. పెళ్లికాని పిల్లకు సోకి తగ్గిపోతే తర్వాత పుట్టబోయే బిడ్డలకు ఏమీ కాదు. "ఆ పిల్లను చేసుకోవద్దు" అనేవాళ్లుంటే ఈ మాట చెప్పండి.

దోమ గురించి ఒక్క మాట. మలేరియా దోమ రాత్రి కుడుతుంది, దానికి దోమతెరలిచ్చారు. జికా దోమ చారల దోమ, పగలు కుడుతుంది, నిల్వ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. గోలెంలో, డ్రమ్ములో నీళ్లు దాచుకోవద్దంటారు. రోజూ నల్లా వచ్చే ఇంటికి చెప్పండి ఆ మాట. చెలమ నుంచి బిందె మోసుకొచ్చే ఆడమనిషి దాచుకోకుండా ఏం చేస్తుంది? నల్లా వచ్చేదాకా మూత పెడదాం, వారానికోసారి లోపల రుద్ది కడుగుదాం.

2016లో ఎల్ సాల్వడార్ ప్రభుత్వం ఏమందో తెలుసా? 2018 దాకా గర్భం దాల్చొద్దని ఆడవాళ్లకు చెప్పింది. గర్భస్రావం పూర్తిగా నేరమైన దేశం అది. భారమంతా ఆడదాని మీదే. బ్రెజిల్‌లో ఎక్కువ దెబ్బ తిన్నది ఈశాన్య ప్రాంతపు పేద తల్లులు. వాళ్లు సంఘాలు కట్టారు, కొట్లాడారు. 2020లో ఆ పిల్లలకు జీవితాంతం పింఛను ఇచ్చే చట్టం వచ్చింది.

మన దగ్గర? అహ్మదాబాద్‌లో 2016 నవంబరు నుంచి 2017 ఫిబ్రవరి మధ్య తీసిన నమూనాల్లో ముగ్గురికి జికా తేలింది. అందులో ఒకరు నిండు గర్భిణి, ఇంకొకరు అప్పుడే కాన్పైన తల్లి. దేశానికి ఈ సంగతి తెలిసింది మే నెలాఖరులో, అదీ డబ్ల్యూహెచ్‌ఓ ప్రకటనతో. మా ఊళ్లో కూడా రెండుసార్లు రక్తం తీసుకుపోయారు, ఫలితం కాగితం ఇప్పటికీ రాలేదు. అందుకే పరీక్ష కావాలని అడిగేటప్పుడే, ఎందుకు తీస్తున్నారో మన భాషలో చెప్పాలని, ఫలితం ఆ మనిషికే ఇవ్వాలని, ఊరంతా చాటకూడదని కూడా అడగాలి.

2024 జులైలో కేంద్రం రాష్ట్రాలకు సూచన పంపింది: ప్రభావిత ప్రాంతాల గర్భిణులకు పరీక్ష చేయాలి, పాజిటివ్ వస్తే బిడ్డ ఎదుగుదల చూస్తుండాలి అని. మన పీహెచ్‌సీలో నమూనా తీసే సీసాలున్నాయా, ఎక్కడికి పంపుతారు, ఎన్ని రోజుల్లో ఫలితం వస్తుంది? ఈ మూడూ రాసి సోమవారం ఐటీడీఏ గ్రీవెన్స్‌లో ఇద్దాం. ఆశ అక్కలు ఒక్కటి చేయండి: గర్భిణికి జ్వరం వచ్చిన తేదీ, దద్దుర్లు వచ్చిన తేదీ తల్లీబిడ్డ కార్డు మీదే రాయండి. కాగితం నేను తెచ్చా, సంతకాలు ఇక్కడే మొదలుపెడదాం.