పశువుల కొవ్వు – పుట్టుకతో వచ్చు గుణము

చలికాలపు ఉదయమున గిన్నెలోని నేయి పేరుకొని యుండును. ప్రక్కనున్న నువ్వులనూనె మాత్రము జారుగనే యుండును. నేతియందు సంతృప్తములగు కొవ్వు ఆమ్లములు హెచ్చు. నూనెయందు అసంతృప్తములు హెచ్చు. పశువుల మాంసమందలి కొవ్వు గట్టిదగుటకును, మెత్తనిదగుటకును గూడ ఈ ఆమ్లముల పాళ్ళే కారణము. ఇదంతయు మేత వలననే కలుగునని పలువురు తలంతురు. మేతకు తోడు వంశమునకును ఇందు భాగము కలదు. ఆ విషయమును నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

పచ్చగడ్డిలోని కొవ్వు చాలవరకు అసంతృప్తమే. కాని నెమరువేయు పశువు కడుపులోని మొదటి పెద్ద అరయందు అసంఖ్యాకములగు సూక్ష్మజీవులు కలవు. అవి ఆ కొవ్వులో అధిక భాగమును సంతృప్తముగా మార్చివైచును. ఇట్లు ఏర్పడు వానిలో ముఖ్యమైనది స్టియరిక్ ఆమ్లము. అది సుమారు 70 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి గాని కరగదు. పిమ్మట పశువు దేహమందలి యొక ఎంజైము దానిలో కొంత భాగమును ఓలీయిక్ ఆమ్లముగా మార్చును. ఇది 13, 14 డిగ్రీలకే కరగును. ఆ ఎంజైము నిర్మాణ క్రమము ఒక జన్యువునందు లిఖింపబడి యున్నది. ఆ వ్రాత అన్ని పశువులయందును ఒక్క తీరుగా నుండదు.

జపాను దేశపు నల్ల పశువులనే తీసికొందము. వాగ్యూ అని పేరొందిన వీని మాంసమున కండల నడుమ తెల్లని సన్నని కొవ్వు చారలు కానవచ్చును. ఈ జన్యువునందు ఒకచోట వాలీన్‌కు బదులు అలనీన్ వచ్చు మార్పు గల పశువులలో ఓలీయిక్ ఆమ్లము హెచ్చనియు, కొవ్వు తక్కువ వేడికే కరగుననియు 2004లో జపాను పరిశోధకులు ప్రకటించిరి. అయితే అంతయు ఈ యొక్క జన్యువు చేతిలోనే లేదు. అనేక జన్యువులు తలకొంచెము చేయి వేయుచున్నవి.

బెల్జియము దేశపు బెల్జియన్ బ్లూ జాతి కథ వేరు. కండల పెరుగుదలను అదుపుచేయు మయోస్టాటిన్ జన్యువు ఈ జాతియందు చెడిపోయినదని 1997లో తేలినది. అందుచే కండలు విపరీతముగా పెరుగును. కొవ్వు మిక్కిలి స్వల్పము. కాని దూడలు బలిసి పుట్టుటచే, పెక్కు ఆవులకు శస్త్రచికిత్స చేసియే దూడను తీయవలసి వచ్చుచున్నది. ఒక గుణమును కోరి తెచ్చుకొన్నందులకు చెల్లించు మూల్యమిది!

జపానులోను ఇట్టి చిక్కే యున్నది. 1939లో పుట్టిన తజిరి అను ఒకే ఆబోతు సంతతికి చెందనివి అచటి నల్ల ఆవులలో దాదాపు లేవని 2012లో వెల్లడియైనది. మెచ్చిన ఆబోతునే మరల మరల వాడినచో, కొవ్వు మేలైనను మందలోని వైవిధ్యము సన్నగిల్లును.

ఈ సంగతి మనకును సంబంధించినదే. మన ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దము నుండి బ్రెజిలునకు చేరి, నెల్లూరు పేరిట నెలోరే జాతియై, నేడు అచటి మాంసపు మందలలో అధికభాగమును ఆక్రమించినవి. ఎండకు ఓర్చుట వీని బలము. కండల నడుమ కొవ్వు తక్కువ. అయినను ఆ మందలలోనే పశువునకు పశువునకు కొవ్వు ఆమ్లముల పాళ్ళలో భేదమున్నదనియు, అందు కొంత వంశానుగతమనియు బ్రెజిల్ శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

వారు ఎంచుకొనగలుగుటకు మూలము ఆ భేదమే. ఎంచుటకు వైవిధ్యము లేనిచోట శాస్త్రము కూడ చేతులు ముడుచుకొనవలసినదే. ట్రాక్టరు వచ్చి ఎద్దు అవసరము తగ్గిన మన పల్లెలలో, ఒంగోలు జాతి మూలధనము తరిగిపోకుండ కాపాడుకొనుట అందుచే మన విధి. నేడు ఏ పశువులో ఏ గుణము దాగియున్నదో, రేపు దేని యక్కర కలుగునో ముందుగా చెప్పగలవారు లేరు.