చదివిన బిడ్డలకు మన పొలంలోనే పని ఉంది
(రైతు సంఘం మండల మహాసభలో చేసిన ప్రసంగం)



చెనక్కాయలు అమ్మి పిల్లలకు ఫీజులు కట్టాం. చాలకపోతే బంగారం తాకట్టు పెట్టాం. డిగ్రీలు చేతికొచ్చాయి, ఉద్యోగాలు రాలేదు. బెంగళూరు పోయి ఆరు నెలలు హాస్టల్లో ఉండి తిరిగొచ్చిన బిడ్డలు ప్రతి ఊర్లో ఉన్నారు. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి ఉన్న చిన్న ఉద్యోగాలూ పోతాయంటున్నారు. ప్రభుత్వమేమో ఇంటికొక పారిశ్రామికవేత్త అంటోంది. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు. దాని శాఖ ఒకటి అనంతపురానికీ ఇచ్చారు. మంచిదే, మేం వద్దనడం లేదు. అక్కడికి పోయిన మన బిడ్డ ఎవరి సమస్య మీద పనిచేస్తాడన్నదే మా ప్రశ్న.

పక్క జిల్లా సంగతి వినండి. 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతుల ఫోన్లకు ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి విత్తే తేదీని తెలుగులో పంపాయి. ఏళ్లనాటి వాన లెక్కలు చూసి కంప్యూటర్ చెప్పిన తేదీ అది. తొలి వానకే తొందరపడొద్దు, జూన్ చివరిదాకా ఆగమన్నారు. దిగుబడి సుమారు 30 శాతం పెరిగిందని ఆ సంస్థలే ప్రకటించాయి. 2025లో కేంద్రం 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనాల అంచనా ఇలాగే పంపింది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే మనకు విత్తే తేదీ విలువ ఒకరు చెప్పాలా? తేదీ తప్పితే విత్తనం, ఎరువు, సేద్యం ఖర్చు మట్టిపాలే. అయితే చెరువుకట్టకు ఇవతల పడిన వాన అవతల పడదు. ఊరూరా వాన కొలవాలి. చీనీ తోటలో తెగులును ఫోటో తీసి పంపాలి. వచ్చిన సలహాను అవ్వకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. అది తప్పైతే తప్పని పైకి రాయాలి. ఎక్కడో ఉన్న కంప్యూటర్ ఇవన్నీ చేయలేదు. మన పిల్లలు చేయగలరు. జీతమిచ్చి చేయించుకోవాలి.

అందుకే మేం డిమాండ్ చేస్తున్నాం:

1. శ్రీకృష్ణదేవరాయ, జె.ఎన్.టి.యు. విద్యార్థుల చివరి ఏడాది ప్రాజెక్టు పల్లెల్లో, రైతుల మధ్య జరగాలి.

2. ప్రతి రైతు సేవా కేంద్రంలో స్థానిక పట్టభద్రుడికో పట్టభద్రురాలికో ఈ పని జీతంతో ఇవ్వాలి.

3. కంపెనీ పెట్టే బిడ్డకు అప్పిస్తూ తండ్రి పాసుపుస్తకం తాకట్టు అడగొద్దు. కంపెనీ మునిగితే భూమీ పోతుంది.

4. మన పొలం వివరాలు మనల్ని అడగకుండా విత్తన, పురుగుమందుల కంపెనీలకు ఇవ్వొద్దు.

వచ్చే నెలలోగా గ్రామ కమిటీలు ఖాళీగా ఉన్న పట్టభద్రుల జాబితా రాయాలి, ఆడపిల్లల పేర్లు మరవకుండా. ఆ జాబితాలు చేతబట్టుకుని కలెక్టరేట్‌కు పోదాం. పిల్లలనూ వెంట తీసుకురండి.