ఒక చక్రం బండికి పెడలే బ్రేకు: మార్చే ముందు ఇవి చూస్కోండి

ఎలక్ట్రిక్ యూనిసైకిల్ గురించి మీలో చాలామంది అడుగుతున్న మాట ఒకటుంది. "అన్నా, పది నిమిషాలు నడిపితే అరికాళ్లు మంట. వానలో షూ జారుతోంది. పెడల్స్ మార్చాలా?" ఈ రోజు దాని గురించే.

బండి తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. మధ్యలో ఒకే చక్రం, అటూ ఇటూ రెండు పెడల్స్. సైకిల్ పెడల్‌లా తొక్కేది ఉండదు, నిలబడటానికి మాత్రమే. 2011లో అమెరికాలో షేన్ చెన్ అనే ఆయన సోలోవీల్ పేరుతో మార్కెట్లోకి తెచ్చాడు. ఆ తర్వాత కింగ్‌సాంగ్, ఇన్‌మోషన్, బిగోడ్ లాంటి చైనా కంపెనీలు పెద్ద పెద్ద బండ్లు చేశాయి.

హ్యాండిల్ లేదు, బ్రేక్ లివర్ లేదు. లోపల ఉన్న సెన్సర్ బండి ఎటు వంగిందో చూసి మోటార్‌ని తిప్పుతుంది. బరువు మునివేళ్ల మీద వేస్తే ముందుకెళ్తుంది, మడమల మీద వేస్తే బ్రేక్ పడుతుంది. అంటే మీరు బండికి చెప్పే ప్రతి మాటా అరికాలి గుండానే వెళ్లాలి. మడమ జారిందా, బ్రేక్ పోయినట్టే. అందుకే పెడల్ గ్రిప్‌ని సోకు ఖర్చు అనుకోవద్దు. బైక్‌కి బ్రేక్ షూలు ఎంతో, దీనికి ఇది అంత.

ఇప్పుడు మన ఏరియాకి వద్దాం. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎక్కడ దిగినా స్టేషన్ నుంచి హాస్టల్‌కో రూమ్‌కో ఇంకా కొంత దూరం ఉంటుంది. ఆ కాస్త దూరం కోసమే ఈ బండి మీద మోజు. కానీ మన గల్లీలు చూడండి. పెయింట్ లేని స్పీడ్ బ్రేకర్లు, ఎత్తుపల్లాల మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు పక్కన ఇసుక. వానాకాలంలో వీటన్నిటి మీదా నీళ్లు. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు బండి కింద నుంచి తంతుంది, కాలు ఒక్క క్షణం పెడల్ మీద తేలిపోతుంది. అక్కడే గ్రిప్ పని.

ముందు నొప్పి సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్లు భయంతో కాలివేళ్లు బిగబట్టి నిలబడతారు. ఆ నొప్పికి పెడల్ మార్చినా ఫలితం ఉండదు, కొన్నాళ్లు ప్రాక్టీస్ చేస్తే అదే తగ్గుతుంది. ప్రాక్టీస్ అయ్యాక కూడా నొప్పి ఉంటే, షూ వేసుకుని పెడల్ మీద నిలబడి ఫ్రెండ్‌తో ఒక ఫోటో తీయించండి. షూ ముందూ వెనకా బాగా బయటికి వచ్చిందంటే పెడల్ చిన్నది. బరువంతా పాదం మధ్యలో పడి అక్కడే మంట పుడుతుంది. పొడవు పెడల్ వేస్తే బరువు పరుచుకుంటుంది, మునివేలికీ మడమకీ పట్టు పెరుగుతుంది, బ్రేక్ కూడా బాగా అందుతుంది.

అలాగని ఉన్నవాటిలో పెద్దది కొనేయకండి. వెడల్పు ఎక్కువైతే మలుపులో బండి వంగినప్పుడు పెడల్ అంచు రోడ్డుకి గీసుకుంటుంది. గీసుకుంటే పడటమే. పెడల్‌కీ నేలకీ మధ్య గ్యాప్ టేప్‌తో కొలిచి, తర్వాత ఆర్డర్ పెట్టండి.

ఇక గ్రిప్. మూడు దార్లు ఉన్నాయి.

ఒకటి, గ్రిప్ టేప్. స్కేట్‌బోర్డ్ మీద వేసే గరుకు టేప్, లేదా మెట్ల అంచులకి అంటించే యాంటీ స్కిడ్ టేప్. అన్నిటికంటే చవక ఇదే. మొదట ఇదే చేయండి. పాత టేప్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి లాగేయండి. జిగురు పోయేలా స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. అంచులకి కాస్త లోపలికే కట్ చేసి గట్టిగా నొక్కండి. రాత్రంతా వదిలేసి పొద్దున నడపండి. బురద పట్టి గరుకు పూడిపోతే పాత టూత్‌బ్రష్‌తో కడగండి.

రెండు, ముళ్ల పెడల్స్. పైన చిన్న చిన్న స్క్రూ పిన్స్ ఉంటాయి. వానలో కూడా షూని పట్టేస్తాయి. కానీ పడినప్పుడు మోకాలి కింద ముందు ఎముకని చీరేస్తాయి. నేర్చుకునే దశలో అస్సలు వద్దు. తర్వాత వేసినా షిన్ గార్డ్స్ తప్పనిసరి. ఇంకో సంగతి, పట్టు మరీ ఎక్కువైతే నడుపుతూ పాదం సర్దుకోవడం కష్టం. ఎక్కేటప్పుడే సరిగ్గా పెట్టాలి.

మూడు, తేనెపట్టులా రంధ్రాలుండే హనీకోంబ్ పెడల్స్. నీళ్లు, బురద కిందికి జారిపోతాయి, పట్టు నిలుస్తుంది. మన వానలకి పనికొచ్చే డిజైన్. కాకపోతే మామూలుగా బయటి దేశం నుంచే తెప్పించుకోవాలి, షిప్పింగ్, కస్టమ్స్ కలిపి లెక్క చూసుకోండి. ఒక మోడల్ పెడల్ ఇంకో మోడల్‌కి పట్టకపోవచ్చు. బండి పేరు, పెడల్ ఇరుసు కొలత రెండూ సరిపోల్చి కొనండి.

బిగించేటప్పుడు బండి ఆఫ్‌లో ఉండాలి. రెండు పెడల్స్ ఒకేసారి మార్చండి, ఒక పక్క పాతది, ఒక పక్క కొత్తది వద్దు. స్క్రూలకి మీడియం థ్రెడ్ లాకర్ ఒక చుక్క చాలు. పెడల్ మడత దగ్గర లూజు ఉందేమో చేత్తో ఊపి చూడండి. తర్వాత హెల్మెట్, రిస్ట్ గార్డ్స్ పెట్టుకుని ఖాళీ గ్రౌండ్‌లో నెమ్మదిగా నడిపి, ముందు బ్రేక్ ప్రాక్టీస్ చేయండి. చెప్పులతో ఎక్కకండి. అడుగు చదునుగా ఉన్న షూ వేసుకుంటే సగం గ్రిప్ అక్కడే వస్తుంది.

చివరిగా, చట్టం. కేంద్ర మోటారు వాహనాల రూల్స్ ప్రకారం మోటార్ పవర్ 250 వాట్ల లోపు, స్పీడ్ గంటకి 25 కిలోమీటర్ల లోపు, ఇంకొన్ని షరతులు కలిస్తేనే బ్యాటరీ బండికి మినహాయింపు. యూనిసైకిళ్లు చాలావరకు ఈ లెక్క దాటేస్తాయి. కాబట్టి ఎంత గ్రిప్ ఉన్నా విజయవాడ హైవే మీదకి, ఎల్బీనగర్ అండర్‌పాస్‌లోకి దీన్ని తీసుకెళ్లొద్దు. బస్సుల మధ్య మీ మడమే మీ బ్రేక్ అని మర్చిపోకండి. గేటెడ్ కమ్యూనిటీలో, క్యాంపస్‌లో పర్మిషన్ అడిగి నడపండి. నీళ్లు నిలిచిన చోట దిగి, బండిని చేత్తో తోసుకెళ్లండి. నీళ్ల కింద గుంత ఎంత లోతో ఏ పెడలూ చెప్పదు.

టేప్ వేశాక తేడా తెలిసిందా లేదా నాకు చెప్పండి. మళ్లీ కలుద్దాం, జాగ్రత్త.