చండీరాణి దర్శకురాలు భానుమతి

తెలుగు సినిమాకు తొలి దర్శకురాలు పి. భానుమతి. ఆమె మొదట చేపట్టింది జానపదం. 1939లో ‘వరవిక్రయం’తో నటిగా అడుగుపెట్టిన భానుమతి, భర్త రామకృష్ణతో కలిసి భరణీ పిక్చర్స్ నడిపారు. 1953లో ఆ సంస్థ తీసిన ‘చండీరాణి’కి దర్శకత్వం ఆమెదే. తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ అది తయారైంది. చిన్నప్పుడే విడిపోయిన కవలలు చంప, చండి ఇద్దరూ ఆమే. చంప అంతఃపురంలో అణకువగా పెరుగుతుంది. చండి అడవిలో కత్తి తిప్పుతుంది. ఎన్.టి. రామారావు నాయకుడుగా ఉన్నా సాహసమంతా నాయికది. ఆ రోజుల్లో జానపదాన్ని అలా తిప్పి రాయడం గొప్ప తెగువే. తర్వాత ‘అంతా మన మంచికే’ వంటి కుటుంబ కథలు తీశారు. 1982 నాటి ‘భక్త ధ్రువ మార్కండేయ’లో పాత్రలన్నీ పిల్లలచేతనే వేయించారు.